మైలేజీ సీసాల వెనుక వందేళ్ల కథ

ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వచ్చిన దగ్గర్నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కార్లున్నవాళ్లు ఇద్దరు కలిస్తే మాట మైలేజీ మీదకే పోతోంది. లీటరుకు పద్దెనిమిది ఇచ్చే బండి పదిహేడు కూడా ఇవ్వడం లేదని ఒకరంటే, "ట్యాంకులో ఆ సీసా ఒకటి పోసి చూడండి బాబూ" అని ఇంకొకరు సలహా ఇస్తారు. ఆటోమొబైల్ షాపుల్లో, కొన్ని బంకుల్లో కౌంటరు మీదే ఈ యాడిటివ్ సీసాలు కనిపిస్తాయి. మైలేజీ పెరుగుతుంది, పికప్ వస్తుంది అని వాటి మీద రాసుంటుంది. పెట్రోల్లో ఏదో కలిపి ఇంకాస్త దూరం పోవాలన్న ఆశకు వందేళ్ల వయసుంది. ఈ వందేళ్లలో నిజంగా పనిచేసిన మందులూ లేకపోలేదు. కాకపోతే అవి చేసిన పని వేరు, సీసా మీద రాసేది వేరు.

మొదటి పెద్ద మందు సీసం. తొలినాళ్ల ఇంజన్లలో పెట్రోలు తన వంతు రాకముందే అంటుకుని, ఇంజన్ టకటకా కొట్టుకునేది. దీన్నే నాకింగ్ అంటారు. టెట్రాఇథైల్ లెడ్ కొద్దిగా కలిపితే అది ఆగిపోతుందని 1921 డిసెంబరులో జనరల్ మోటార్స్ ఇంజినీరు థామస్ మిడ్జ్‌లీ కనుక్కున్నాడు. 1923 ఫిబ్రవరిలో అమెరికాలోని డేటన్ ఊళ్లో ఆ పెట్రోలు అమ్మకానికి వచ్చింది. మరుసటి ఏడాదే న్యూజెర్సీలో దాని తయారీలో ఉన్న ఐదుగురు కార్మికులు విషమెక్కి, మతి చెదిరి చనిపోయారు. అయినా వ్యాపారం దశాబ్దాల పాటు సాగింది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాలతో మొదలుపెట్టి, 2000 ఫిబ్రవరి 1 నాటికి అంతటా సీసం లేని పెట్రోలు తెచ్చారు. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో మానేసింది.

సీసంతో మైలేజీ పెరిగిందా అంటే, పెరిగింది, కానీ చుట్టుదారిలో. నాకింగ్ భయం పోయాక కంపెనీలు కంప్రెషన్ ఎక్కువున్న, అంటే కాల్చే ముందు ఇంధనాన్ని బాగా నొక్కే ఇంజన్లు చేయగలిగాయి. అవి అదే పెట్రోలుతో ఎక్కువ పని చేశాయి. లాభం తెచ్చింది కొత్త ఇంజన్. దాన్ని చేయడానికి వీలు కల్పించడమే సీసం చేసిన పని. పవర్ పెట్రోలు కొట్టించేవాళ్లలో చాలామందికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. ఈ20 రాకముందు మన బంకుల్లో మామూలు పెట్రోలు ఆక్టేన్ 91, ప్రీమియం రకాలది 95 నుంచి పైకి ఉండేది. ఆక్టేన్ అంటే నాకింగ్‌ను తట్టుకునే గుణం, శక్తి కాదు. 91కి తయారైన చిన్న కారులో 95 పోస్తే ఒరిగేది దాదాపు ఏమీ లేదు. కారుతో వచ్చిన పుస్తకంలోనే 95 వాడమని ఉంటే అప్పుడు పోయాల్సిందే.

రెండో మందు సబ్బు లాంటిది. పెట్రోలు ఆవిరై పోయిన చోట జిగురు, మసి మిగులుతాయి. కార్బురేటర్ల కాలంలో మెకానిక్ దాన్ని విప్పి కడిగేవాడు. ఇంజెక్టర్లు వచ్చాక తంటా పెరిగింది. వాటి సన్నని రంధ్రాల్లో కాస్త మసి పేరుకున్నా పెట్రోలు సరిగా చిమ్మదు, ఐడ్లింగ్ వణుకుతుంది, మైలేజీ పడిపోతుంది. అందుకే చమురు కంపెనీలు పెట్రోల్లోనే డిటర్జెంట్ రసాయనాలు కలపడం మొదలుపెట్టాయి. అమెరికాలో 1995 నుంచి ఇది తప్పనిసరి చేశారు. మన దగ్గర 2002 ప్రాంతంలో స్పీడ్, పవర్, ఎక్స్‌ట్రా ప్రీమియం లాంటి పేర్లతో బ్రాండెడ్ పెట్రోళ్లు ఇదే ప్రచారంతో దిగాయి. ఇప్పుడు షాపుల్లో దొరికే సీసాల్లో కాస్త నమ్మదగినవి పాలీఈథర్ అమైన్ అనే డిటర్జెంట్ ఉన్నవి. ఇంజెక్టర్ నిజంగా మూసుకుపోయి ఉంటే ఒక సీసా తేడా చూపించగలదు. కానీ అది పోయిన మైలేజీని తిరిగి తెచ్చిపెడుతుందే తప్ప, కంపెనీ ఇచ్చినదాని కంటే ఎక్కువ ఇవ్వదు. శుభ్రంగా ఉన్న ఇంజెక్టర్‌ను మళ్లీ కడిగితే వచ్చేదేమీ లేదు. పెట్రోలును నేరుగా సిలిండర్లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లలోనైతే అది వాల్వుల మీదుగా పోనే పోదు కాబట్టి, వాల్వులకు పట్టిన కార్బన్‌ను ట్యాంకులో పోసిన మందు తాకను కూడా తాకదు.

ఈ రెండూ కాక మూడో రకం ఉంది. దాని చరిత్రంతా ధరల చరిత్రే. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేసి, ధర కొద్ది నెలల్లో దాదాపు నాలుగింతలైనప్పుడు అమెరికాలో మైలేజీ మందులు, అయస్కాంతాలు, గాలి కలిపే పరికరాలు కుప్పలుగా వచ్చాయి. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ తర్వాతి ఏళ్లలో నూరుకు పైగా పరికరాలను, మందులను పరిశీలించింది. ఏ కొద్దిటికో స్వల్ప లాభం కనిపించింది. వాటిలోనూ కొన్ని పొగలో కాలుష్యాన్ని పెంచాయి. మన దగ్గర 1996లో మూలికలతో నీటిని పెట్రోలు చేశానంటూ తమిళనాడులో రామర్ పిళ్లై సంచలనం రేపాడు. సీబీఐ కేసు ఇరవై ఏళ్లు నడిచి, 2016లో చెన్నై కోర్టు ఆయనకు మూడేళ్ల జైలు శిక్ష వేసింది.

ఊళ్లలో చిట్కాలు ఇంకా చౌక. ట్యాంకులో కలరా (నాఫ్తలీన్) ఉండలు వేస్తే బండి దూసుకుపోతుందన్న మాట మన వైపు బైకులవాళ్లలో చాలా పాతది. నాఫ్తలీన్‌కు ఆక్టేన్ ఉన్నమాట నిజమే. అది మళ్లీ గడ్డకట్టి జెట్లు మూసేస్తుందన్నదీ అంతే నిజం. పైగా ఇప్పుడు దొరికే ఉండల్లో కొన్నిటిలో నాఫ్తలీనే ఉండదు, క్లోరిన్ ఉన్న వేరే రసాయనం ఉంటుంది. రేషన్ నీలం కిరోసిన్ కలిపినవాళ్లు మిగుల్చుకున్నది డబ్బు, మైలేజీ కాదు. పెట్రోల్లో అది ఆక్టేన్‌ను దించుతుంది. సాలూరు లారీలవాళ్ల దగ్గర కొత్తగా వినిపించే 'యూరియా'కూ మైలేజీకీ సంబంధం లేదు. బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) లారీల్లో వేరే ట్యాంకులో పోసే ఆ ద్రావణం డీజిల్లో కలవదు. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడమే దాని పని.

సీసాలు చెప్పే 'పూర్తి దహనం' మాటను కూడా చూడాలి. బాగున్న ఇంజన్లో కాలకుండా పోయే పెట్రోలు నూటికి రెండు మూడు పాళ్లే. అసలు నష్టం కాలిన తర్వాత జరుగుతుంది. పుట్టిన వేడిలో చాలా భాగం సైలెన్సర్లోంచి, రేడియేటర్లోంచి పోతుంది. ఆ వేడిని చక్రాలకు మళ్లించే మందు ఏదీ లేదు. ఇక డబ్బు లెక్క. రూ.300 సీసా నలభై లీటర్లకు పోశామనుకుందాం. లీటరు రూ.110 చొప్పున ఆ పెట్రోలు రూ.4,400. సీసా ఖర్చు రాబట్టుకోవడానికే మైలేజీ దాదాపు 7 శాతం పెరగాలి.

మరి పోసినవాళ్లు పెరిగిందంటారే? అబద్ధం చెప్పరు, కొలతే అలాంటిది. సీసా పోసిన రోజు టైర్లలో గాలి చూసుకుంటారు, కాలు కాస్త మెత్తగా వేస్తారు. బంకు నాజిల్ ఒకసారి ముందు ఆగుతుంది, ఒకసారి ఆలస్యంగా ఆగుతుంది. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కేటప్పటి లెక్కా దిగేటప్పటి లెక్కా ఒకటి కాదని ఏ డ్రైవరైనా చెబుతాడు. ఇదే తేడా, ఇంత కొట్టొచ్చినట్టు కాకపోయినా, హైవే మీద గాలివాటుకూ బరువుకూ ఉంటుంది. గంటకు 80 కాకుండా 45–55 కిలోమీటర్ల వేగంతో పోతే 40 శాతం దాకా ఎక్కువ దూరం వస్తుందని ఇంధన పొదుపు సంస్థ పీసీఆర్‌ఏ ఎన్నో ఏళ్లుగా చెబుతోంది. ఇంత లాభం ఏ సీసా కూడా తేలేదు. ఆరు వరసల హైవే మీద 50లో ఎవరు పోతారన్నది వేరే ప్రశ్న.

ఇప్పుడు ఈ20 దగ్గరికి వద్దాం. ఈ గొడవలో పెట్రోల్లో కలిపినది మైలేజీని నిజంగానే మారుస్తోంది, అయితే కిందికి. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ. అసలు ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి, ఈ10కు సరిచేసిన కార్లలో ఈ20 వల్ల మైలేజీ 6–7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. ఈ20కి సరిచేసిన కార్లకు 1–2 శాతమే అంది. పాత కార్లవాళ్లు చెప్పుకునే బాధలో నిజం ఉంది. తగ్గింది ఇంధనంలోని శక్తే కాబట్టి డిటర్జెంట్ సీసా దాన్ని పూడ్చలేదు. ఇథనాల్ నుంచి ఇంజన్ను కాపాడతామనే సీసాలు కూడా మహా అయితే తుప్పు, తేమ విషయంలో పనికొస్తాయేమో గానీ, పోయిన కిలోమీటరును తేలేవు.

ఆ 6–7 శాతం దాదాపు ఖచ్చితంగా చేతికొచ్చే చోటు మన వైపు ఒకటుంది, ఇచ్ఛాపురం దాటాక. ఒడిశాలో పన్ను తక్కువ కావడంతో సరిహద్దు అవతల లీటరు ఏడెనిమిది రూపాయలు చౌకగా దొరుకుతూ వచ్చింది. ఇచ్ఛాపురం, కవిటి వైపు వాళ్లు అక్కడే కొట్టించుకొస్తారు. నరసన్నపేట నుంచి దానికోసమే బయలుదేరితే మాత్రం ఆ మిగులు పలాస దాటేలోపే కాలిపోతుంది.