పళ్ల సందుల్లో పాచి, దాన్ని కదిపే దారం

1683 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణం నుంచి ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ లండన్‌లోని రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి ఒక ఉత్తరం రాశాడు. రోజూ పొద్దున్నే ఉప్పుతో పళ్లు రుద్దుకుంటాననీ, భోజనం తర్వాత పుల్లతో దవడ పళ్లు శుభ్రం చేసుకుని గుడ్డతో గట్టిగా తుడుచుకుంటాననీ అందులో చెప్పాడు. అంత శ్రద్ధ ఉన్న మనిషికి కూడా కొన్ని పళ్ల మధ్య జారుపిండిలాంటి తెల్లని పదార్థం పేరుకునే ఉంది. దాన్ని కొంచెం తీసి వాననీటిలో కలిపి, తాను స్వయంగా తయారు చేసుకున్న సూక్ష్మదర్శినితో చూశాడు. అందులో లెక్కలేనన్ని చిన్న ప్రాణులు చురుగ్గా తిరుగుతున్నాయి. మనిషి నోటిలోని బ్యాక్టీరియాను వర్ణించిన తొలి ఉత్తరం ఇదే.

ఆ పదార్థం ఆయనకు ఎక్కడ దొరికిందో గమనించండి. రుద్దినచోట కాదు, పళ్ల సందుల్లో. దవడ పన్నుకు అయిదు పక్కలు ఉంటాయి. బుగ్గ వైపు, నాలుక వైపు, నమిలే పైభాగం బ్రష్‌కు అందుతాయి. పక్క పళ్లను ఆనుకుని ఉండే రెండు పక్కలకు మాత్రం ఎంత ఖరీదైన బ్రష్షయినా, వేపపుల్లయినా సరిగా చేరదు. ఆ పని కోసమే సన్నని దారం, అంటే ఫ్లాస్. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో పనిచేసిన దంతవైద్యుడు లీవై స్పియర్ పార్మ్‌లీ 1819లో వచ్చిన తన పుస్తకంలోనే పళ్ల మధ్య పట్టుదారం వాడమని సలహా ఇచ్చాడు. ఇప్పుడు పట్టు స్థానంలో నైలాన్ వంటి దారాలు వచ్చాయి.

ఇరుక్కున్న కొబ్బరి పీచునో మాంసం ముక్కనో తీయడానికే ఈ దారం అని చాలామంది అనుకుంటారు. అది చిన్న ఉపయోగం. అసలు పని పాచిని చెదరగొట్టడం. శుభ్రం చేసిన కాసేపటికే లాలాజలంలోని ప్రొటీన్లు పన్ను మీద పలుచని పొరగా పరుచుకుంటాయి. దాని మీద బ్యాక్టీరియా అతుక్కుని, ఒకదానిపై ఒకటి చేరి జిగురు పొరను కట్టుకుంటుంది. నీళ్లతో పుక్కిలిస్తే మెతుకులు పోతాయి కానీ ఈ పొర పోదు, రాపిడితోనే కదులుతుంది. మనం తిన్న చక్కెర, పిండిపదార్థాల నుంచి ఆ బ్యాక్టీరియా ఆమ్లాన్ని తయారు చేస్తుంది. ఆమ్లత పెరిగేకొద్దీ పీహెచ్ అనే కొలత తగ్గుతుంది, అది దాదాపు 5.5 కంటే దిగువకు పడితే పన్ను గట్టి పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. రెండు పళ్లు ఆనుకున్న చోట పుట్టిన పిప్పి చాలాకాలం అద్దంలో కనబడదు, తరచు ఎక్స్‌రేలోనే బయటపడుతుంది. పాచిని అలాగే వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ చేరి అది గట్టి గారగా మారుతుంది. ఆ తర్వాత దారమూ బ్రష్షూ పనికిరావు, దంతవైద్యుల దగ్గర తీయించుకోవలసిందే.

చిగుళ్ల సంగతి ఇంకా స్పష్టం. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో పరిశోధకుడు హరాల్డ్ లోయి బృందం ఆరోగ్యమైన చిగుళ్లున్న 12 మందిని పళ్లు శుభ్రం చేసుకోవడం పూర్తిగా మానేయమంది. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ల వాపు వచ్చింది. మళ్లీ శుభ్రం చేయడం మొదలుపెట్టగానే కొద్దిరోజుల్లో తగ్గిపోయింది. అందుకే దారం వాడిన మొదటి రోజుల్లో రక్తం కనబడితే భయపడి మానేయడం పొరపాటు. చాలావరకు ఆ రక్తం అప్పటికే ఉన్న వాపుకు గుర్తు. మృదువుగా రోజూ కొనసాగిస్తే సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే దంతవైద్యులకు చూపించాలి. మధుమేహం ఉన్నవారు దీన్ని అసలు తేలిగ్గా తీసుకోకూడదు. రక్తంలో చక్కెర అదుపు తప్పితే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, ముదిరిన చిగుళ్ల జబ్బు చక్కెర అదుపును మరింత కష్టం చేస్తుంది.

ఫ్లాస్‌కు గట్టి రుజువుల్లేవని 2016లో అమెరికా పత్రికల్లో పెద్ద చర్చ జరిగింది. ఆ విమర్శలో నిజం ఉంది. వైద్య ప్రయోగాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 35 ప్రయోగాలను పరిశీలించి 2019లో వెలువరించిన సమీక్ష, బ్రష్‌కు దారం తోడైతే చిగుళ్ల వాపు తగ్గవచ్చని చెబుతూనే, ఆధారాలు బలహీనంగా ఉన్నాయనీ ఒప్పుకుంది. కానీ నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది 2006 నాటి మరో సమీక్ష. బడి ఉన్న రోజుల్లో నిపుణులే పిల్లల పళ్ల మధ్య దారం వాడినప్పుడు, ఏడాదిన్నరకు పైగా సాగిన ఆ ప్రయోగాల్లో పిప్పిపళ్ల ముప్పు 40 శాతం తగ్గింది. మూడు నెలలకొకసారి చేసినప్పుడు గానీ, కౌమారంలోని పిల్లలు తమంతట తాము వాడుకున్నప్పుడు గానీ ఆ ఫలితం కనబడలేదు. అంటే దారం ఫలితం చేతి నైపుణ్యం మీదా, క్రమం మీదా ఆధారపడి ఉంటుంది. పెద్ద వయసులోనైనా ఈ పనిని ఒకసారి దంతవైద్యుల దగ్గర అద్దం ముందు నిలబడి నేర్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

పద్ధతి ఇది. సుమారు 45 సెంటీమీటర్ల దారం తీసుకుని రెండు చేతుల మధ్యవేళ్లకు చుట్టి, మధ్యలో రెండు మూడు సెంటీమీటర్లు బిగువుగా పట్టుకోవాలి. చిగురును కోసేలా ఒక్కసారిగా దింపకుండా, అటూ ఇటూ మెల్లగా కదుపుతూ సందులోకి పోనివ్వాలి. చాలామంది ఇక్కడే ఆపేసి దారాన్ని పైకి లాగేస్తారు. లోపలికి వెళ్లాక దాన్ని పన్ను చుట్టూ వంచి, చిగురు అంచు కిందికి కొద్దిగా జార్చి, పన్నును ఒరుసుకుంటూ కిందికీ పైకీ నడపాలి. అదే సందులో పక్క పన్నుకూ అలాగే చేయాలి. తర్వాతి సందుకు దారంలో శుభ్రమైన భాగం వాడాలి. రోజుకు ఒకసారి చాలు. రాత్రి బ్రష్ చేసే ముందు చేస్తే, సందులు తెరుచుకుని పేస్టులోని ఫ్లోరైడ్ లోపలి దాకా చేరే వీలుంటుంది. భోజనం తర్వాత అలవాటుగా పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో గెలికేవారు దయచేసి ఆ పని మానండి. చిగురు చీలి పుండవుతుంది, పాచి మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

అందరికీ దారమే సరిపోదు. చిగుళ్లు కిందికి జారి పళ్ల మధ్య ఖాళీలు పెరిగినవారికి, సందుల్లో దూరే చిన్న బ్రష్షులు దారం కన్నా బాగా పనిచేస్తాయి. బ్రిడ్జి (పోయిన పన్ను స్థానంలో పక్క పళ్లకు అతికించే కట్టుడు పన్ను) కట్టించుకున్నవారికి, పళ్లకు క్లిప్పులు పెట్టించుకున్న పిల్లలకు కొన గట్టిగా ఉండే ప్రత్యేకమైన దారం దొరుకుతుంది. వేళ్లు సరిగా వంగని పెద్దవారికి పిడి ఉన్న ఫ్లాస్ పుల్లలు సులువు. పిల్లలకైతే పక్కపక్క పాలపళ్లు రెండు ఆనుకోగానే మొదలుపెట్టవచ్చు. వాళ్ల చేతికి ఆ నేర్పు వచ్చేదాకా ఇంట్లో పెద్దవాళ్లే చేయాలి.