భయపెట్టే అద్భుత కథలు తరగతి గదిలో: అపోహలు - వాస్తవాలు

పదేళ్లు దాటిన పిల్లలతో, పాత అద్భుత కథలను భయానకంగా తిరిగి చెప్పే నవలలు చదివించే ఉపాధ్యాయురాలిగా, తల్లిదండ్రుల నుంచీ తోటి ఉపాధ్యాయుల నుంచీ నేను తరచుగా వినే కొన్ని అభిప్రాయాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: పాత కథలు సున్నితమైనవి, వాటిలోకి క్రౌర్యాన్ని తెచ్చింది నేటి నవలాకారులే.

వాస్తవం: జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరులు 1812లో వెలువరించిన మొదటి సంపుటం, పేరులో పిల్లల ప్రస్తావన ఉన్నప్పటికీ, పండితులకు పనికివచ్చే వివరణలతో కూడిన జానపద కథల సేకరణ. ప్రత్యేకించి పిల్లల కోసం 50 కథలతో చిన్న కూర్పు వచ్చింది 1825లో. ఆ సోదరులు కూర్పు కూర్పుకూ కథలను మార్చుతూ వచ్చారు. ఏమి మార్చారన్నదే అసలు ఆసక్తికరమైన విషయం. మొదటి కూర్పులో స్నోవైట్‌ను చంపించాలని చూసింది కన్నతల్లే కాగా, 1819 నాటికి ఆమె సవతి తల్లి అయింది. హాన్సెల్, గ్రెటెల్‌లను అడవిలో వదిలేయమన్న తల్లి కూడా 1840 కూర్పులో సవతి తల్లిగా మారింది. గోపురంలో బందీగా ఉన్న రాపుంజెల్ తన బట్టలు బిగుతవుతున్నాయని అమాయకంగా అని, గర్భవతినని తెలియకుండానే బయటపెట్టుకునే మాటను తొలగించారు. కానీ సిండరెల్లా సవతి అక్కల కళ్లను పావురాలు పొడిచే దృశ్యం 1812లో లేదు, 1819లో వచ్చి చేరింది. అంటే తొలగిపోయింది క్రౌర్యం కాదు, పెద్దలను ఇబ్బంది పెట్టిన విషయాలు. నేటి అభ్యంతరాలు కూడా ఎక్కువగా ఈ కోవకు చెందినవేనని నా అభిప్రాయం.

అపోహ: రక్తపాతం ఉన్న పేజీలే పిల్లలను కలవరపెడతాయి.

వాస్తవం: తల తెగిపడే సన్నివేశానికి నా తరగతి తరచుగా నవ్వుతుంది. నిశ్శబ్దం ఆవరించేది, కన్నవాళ్లు బిడ్డను కావాలనే వదిలి వెళ్లే పేజీ దగ్గర. అందుకే పుస్తకాన్ని ఎంపిక చేసేటప్పుడు నేను హింస కంటే ముందుగా మరణం, విడిపోవడం, పరిత్యాగం ఎక్కడెక్కడ వస్తాయో గుర్తు పెట్టుకుంటాను; ఇటీవల ఇంట్లో ఎవరినైనా కోల్పోయిన పిల్లలు ఉంటే వారితో ముందే విడిగా మాట్లాడి, ఆ అధ్యాయం వినాలా వద్దా అన్నది వారికే వదిలేస్తాను. ఈ తరహా నవలల్లో కథకుడు మధ్యలో కల్పించుకుని, ముందు ఇంకా ఘోరం ఉందని హెచ్చరించడం పరిపాటి. కొందరు పెద్దలకు అది చిలిపితనంగా తోస్తుంది గానీ, భయానికి సిద్ధపడేందుకు పిల్లలకు ఆ హెచ్చరిక నిజంగా వ్యవధి ఇస్తుంది. నేను బిగ్గరగా చదివేటప్పుడు అక్కడే ఆగుతాను.

అపోహ: చెడ్డవారికి శిక్ష పడుతుంది కాబట్టి ఇవి నీతి బోధనకు అనువైనవి.

వాస్తవం: అన్నిటిలోనూ అలా జరగదు. ఫ్రెంచి రచయిత పెరో 1697లో ప్రచురించిన ఎర్రటోపీ పిల్ల (లిటిల్ రెడ్ రైడింగ్ హుడ్) కథ, తోడేలు ఆ పిల్లను మింగేయడంతో ముగుస్తుంది, ఆ పైన ఒక నీతి పద్యం ఉంటుంది. వేటగాడు వచ్చి కాపాడేది గ్రిమ్ కథనంలో. ఈ రెండింటినీ ఒకే పీరియడ్‌లో పక్కపక్కన చదివించినప్పుడు, నీతి ఏమిటని నేను అడగకముందే, ముగింపును ఎవరు, ఎవరి కోసం మార్చారని పిల్లలే అడుగుతారు.

అపోహ: ఇది కాలక్షేపపు చదువు, భాషా పాఠానికి పనికిరాదు.

వాస్తవం: తెలిసిన కథ కొత్త రూపంలో ఎదురైనప్పుడు, ఏది మారిందో చెప్పడానికి పాఠాన్ని వాక్యం వాక్యం మళ్లీ చూడక తప్పదు. పాఠ్యపుస్తకంలోని ప్రశ్నలకు జవాబులు వెతికేటప్పుడు కూడా నా విద్యార్థులు అంత శ్రద్ధగా వెనక్కి తిరిగి చదవరు.