నానిన స్ట్రా, ఊదే ఊపిరి

మల్కాజిగిరి నుండి ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "మా అబ్బాయికి స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి గాలిని కొలిచే పరీక్ష) చేసేటప్పుడు టెక్నీషియన్ పక్కనే నిలబడి 'ఊదు, ఊదు, ఇంకా ఊదు' అని కేకలు వేశాడు. ఇది ఊపిరితిత్తుల పరీక్షా, బలపరీక్షా? చివరకు రిపోర్టు నార్మల్ అని వచ్చింది. మరి రాత్రిళ్ళు ఆ పిల్లికూతలు ఎందుకు?"

మొదటి ప్రశ్నకు జవాబు కొబ్బరిబోండాల బండి దగ్గర దొరుకుతుంది. 2022 జూలై 1న ప్లాస్టిక్ స్ట్రాలపై నిషేధం వచ్చాక మన చేతికొచ్చిన కాగితపు స్ట్రా కాసేపటికే నానిపోతుంది. అప్పుడు ఎంత గట్టిగా పీలిస్తే దాని గోడలు అంతగా అతుక్కుంటాయే తప్ప నీళ్ళు ఎక్కువ రావు. లోపలి పీడనం బయటి పీడనం కంటే తగ్గడమే అందుకు కారణం.

బలంగా ఊదేటప్పుడు శ్వాసనాళాలకూ ఇదే గతి పడుతుంది. కండరాల ఒత్తిడి ఊపిరితిత్తుల్లో నాళాల చివరనుండే చిన్న గాలితిత్తులతో పాటు ఛాతీలోని నాళాలనూ చుట్టూ నుండి నొక్కుతుంది. గాలితిత్తుల్లో ఆ ఒత్తిడికి, సాగిన రబ్బరులా ముడుచుకోజూసే ఊపిరితిత్తి బలం తోడవుతుంది కనుక అక్కడ పీడనం ఎక్కువగా ఉండి, నోటివైపు వస్తున్నకొద్దీ రాపిడి వల్ల తగ్గుతూ, ఒకచోట బయటి ఒత్తిడికి సమానమవుతుంది. అది దాటాక నాళం నానిన స్ట్రాయే. ఇంకా బలం పెడితే తోసే పీడనంతో పాటు నొక్కే పీడనమూ అంతే పెరుగుతుంది. అందువల్ల తొలి విసురు తరువాత గాలి వేగాన్ని నిర్ణయించేవి నాళాల వెడల్పు, ఊపిరితిత్తి సాగుడు గుణం మాత్రమే. పాతబస్తీ పహిల్వానైనా ఆ హద్దు దాటలేడు. పరీక్షకు విలువ తెచ్చేది ఈ హద్దే. ఉబ్బసంలో నాళాలు బిగుసుకుంటాయి. ప్రవాహం సాఫీగా ఉన్నంతవరకు, వ్యాసార్ధం సగమైతే నిరోధం 16 రెట్లవుతుంది. ఊదేకొద్దీ గాలి వేగం ఎలా తగ్గుతుందో పరీక్షలో గ్రాఫు గీస్తారు. ఆరోగ్యవంతుల గ్రాఫులో దాదాపు తిన్నగా దిగే గీత, ఇక్కడ తడిబట్టలు వేసిన దండెంలా లోపలికి కుంగుతుంది.

మరి కేకలెందుకంటే, ఆ హద్దును చేరడానికైనా మొదట గట్టిగా ఊదాలి, చివరిదాకా ఊదాలి. మధ్యలో ఆపేస్తే మొత్తం గాలి తక్కువగా నమోదై, తొలి సెకనులో వచ్చిన గాలి నిష్పత్తి లేనిపోని ఎక్కువగా కనిపించి, జబ్బు దాక్కుంటుంది. నాళాలను వదులు చేసే సాల్బుటమాల్ మందు పీల్చిన 10-15 నిమిషాలకు మళ్ళీ ఊదిస్తారు. పెద్దవారిలో తొలి సెకను గాలి 12 శాతమూ, 200 మిల్లీలీటర్లూ రెండు లెక్కల్లోనూ పెరిగితే నాళాలు తెరుచుకున్నట్లు లెక్క.

ఇక రెండవ ప్రశ్న. హెచ్చుతగ్గులే ఉబ్బసం స్వభావం. మంచిగా ఉన్న పూట ఊదితే రిపోర్టు నార్మల్‌గానే రావచ్చు. మృగశిర కార్తెనాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేపమందు మింగి "తగ్గింది" అనేవారు అబద్ధమాడుతున్నారని నేను అనను. కానీ మింగినవారినీ మింగనివారినీ ముందూ వెనుకా ఊదించి పోల్చనిదే, ఆ తగ్గుదల మందుదో రోగ స్వభావానిదో తేలదు.

ఆ అబ్బాయి విషయంలో డాక్టరును అడగవలసినది పీక్ ఫ్లో మీటర్ గురించి, అంటే ఊదిన గాలి గరిష్ఠ వేగాన్ని ఇంట్లోనే కొలిచే చిన్న పరికరం గురించి. ఉదయం, సాయంత్రం ఊది, ప్రతిసారీ మూడింటిలో పెద్ద అంకెను రెండు వారాలు రాసిపెట్టాలి. ఏ రోజుకారోజు రెండు అంకెల తేడా ఆనాటి సగటులో ఎంత శాతమో చూసి, ఆ శాతాల సగటు పిల్లల్లో 13, పెద్దల్లో 10 దాటితే, ఆసుపత్రిలో పగటిపూట దొరకని హెచ్చుతగ్గులు ఆ కాగితం మీద దొరికినట్లే.