ఈఎంఐ కడితే భరణం ఇచ్చినట్టేనా?

సిద్ధయ్య రోడ్డులోని న్యాయదేగుల, అంటే బెంగళూరు ఫ్యామిలీ కోర్టు, మెట్లెక్కే వారిలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. పెళ్లయిన కొత్తలో ఇద్దరి పేర్ల మీద ఫ్లాట్ కొని, ఇరవై ఏళ్ల అప్పు నెత్తికెత్తుకున్నవాళ్లే ఎక్కువ. వాళ్లలో తండ్రులు నన్ను అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే.

అపోహ: ఇంటి ఈఎంఐ నేనే కడుతున్నాను, ఇక పిల్లలకు వేరే భరణం ఎందుకు?

వాస్తవం: ఈఎంఐ మీరు బ్యాంకుకు తీర్చే అప్పు. భరణం మీ బిడ్డ హక్కు. జీతంలోంచి ఆదాయపు పన్ను వంటి తప్పనిసరి కోతలను కోర్టు మినహాయిస్తుంది గానీ, మనంతట మనం చేసిన అప్పుల వాయిదాలను సాధారణంగా మినహాయించదు. ఆ వాయిదాలతో పెరిగేది మీ ఆస్తే కదా! పిల్లలు ఆ ఇంట్లోనే ఉంటుంటే ఆ సంగతి పరిగణనలోకి రావచ్చు. కానీ ఆ లెక్క తేల్చవలసింది జడ్జి. ఆస్తులు, అప్పుల అఫిడవిట్‌లో రుణం కాగితాలన్నీ పెట్టి అడగండి. 2020లో రజ్నేష్-నేహా కేసులో సుప్రీంకోర్టు ఆ అఫిడవిట్‌ను ఇరుపక్షాలకూ తప్పనిసరి చేసింది. భరణం దరఖాస్తు తేదీ నుంచే లెక్కించాలనీ చెప్పింది. తీర్పు ఆలస్యమైతే కలిసొస్తుందనుకునేవారు ఈ వాక్యం మళ్లీ చదువుకోవాలి.

మారతహళ్లిలో ఉండే ఒకాయన ఆఫీసు మిత్రుడి సలహా విని, భరణం ఇవ్వమని కోర్టు మధ్యంతర ఉత్తర్వు వచ్చాక కూడా ఈఎంఐ తప్ప పైసా ఇవ్వలేదు. బకాయి పేరుకుపోయి వారంట్ వచ్చాక వాళ్ల నాన్నగారు ఊరి నుంచి పరుగెత్తుకొచ్చారు. "ఇల్లు నిలబెట్టుకుంటున్నాడనే అనుకున్నామమ్మా" అన్నారు. ఆ పెద్దాయనకు ఏం చెప్పను? ఎగ్గొట్టిన ఒక్కో నెలకు నెల వరకు జైలు పడవచ్చు, పైగా జైలుకెళ్లినా బకాయి మాఫీ కాదు. ఆఫీసు క్యాంటీన్లలో న్యాయసలహాలిచ్చే మహానుభావులు ఈ ముక్క మాత్రం చెప్పరు.

అపోహ: ఇల్లూ అప్పూ మా ఆయనవేనని విడాకుల డిక్రీలో రాసుకున్నాం, ఇక ఆ అప్పుతో నాకేం సంబంధం?

వాస్తవం: ఆ ఒప్పందంలో బ్యాంకు లేదు. సహ రుణగ్రహీతగా మీ పేరు తొలగించినట్టు బ్యాంకు రాతపూర్వకంగా ఇచ్చేవరకు, ఆయన వాయిదా తప్పితే మీ క్రెడిట్ స్కోరూ పడిపోతుంది. పరస్పర అంగీకార పత్రం మీద సంతకానికి ముందే ఇది తేల్చుకోండి.

తల్లి సంపాదిస్తే తండ్రి బాధ్యత పోతుందా? పోదు, ఖర్చు పంచుకోవాలి. ఉద్యోగం పోయిందా? ఇవ్వడం ఆపేసి కూర్చోకండి, మొత్తం తగ్గించమని బీఎన్‌ఎస్‌ఎస్, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 146 కింద దరఖాస్తు చేయండి. పాత సీఆర్‌పీసీలో అది 127.

డబ్బు రాక, ఫీజులకు అప్పులు చేస్తున్న తల్లులకు ఒక మాట. సెక్షన్ 144, అంటే పాత 125, కింద వచ్చిన ఉత్తర్వైతే, బకాయి పడిన ఏడాదిలోపే వసూలుకు దరఖాస్తు చేయాలి. రేపు మాపు అనకుండా పాస్‌బుక్కు తీసుకుని మీ లాయరును కలవండి.