రంధ్రం పడే చోటే తయారయ్యే ఆయుధం

1895లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేస్తున్న యువ బెల్జియం వైద్యుడు జూల్స్ బోర్డె కలరా క్రిములతో ఒక ప్రయోగం చేశారు. కలరాను తట్టుకునేలా ముందే సిద్ధం చేసిన జంతువు నుంచి తీసిన తాజా సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఆ క్రిములను చంపింది. అదే సీరాన్ని సుమారు 55 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే ఆ శక్తి పోయింది. అందులో మామూలు జంతువు తాజా సీరం కొద్దిగా కలపగానే పోయిన శక్తి తిరిగి వచ్చింది. అంటే ఈ పనికి రెండు పదార్థాలు కావాలి. వేడిని తట్టుకుని శత్రువును గుర్తుపట్టేది ఒకటి; దాన్నే మనం యాంటీబాడీ అంటున్నాం. వేడికి చెడిపోయేది రెండోది. అది ఏ టీకా లేకుండానే రక్తంలో ఉంటుంది, చంపే పని దానిదే. దానికి కాంప్లిమెంట్ అనే పేరు స్థిరపడింది. బోర్డెకు 1919 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది.

ఒక పదార్థం అనుకున్నది నిజానికి ఒక పెద్ద బృందమని తర్వాత తేలింది. రక్తంలోనూ కణాల ఉపరితలం మీదా కలిపి ముప్పైకి పైగా ప్రొటీన్లు ఇందులో ఉన్నాయి. రక్తంలో తిరిగేవాటిలో ఎక్కువ భాగం కాలేయంలో తయారవుతాయి. విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ కణాన్ని చంపలేదు. చంపే యంత్రం సిద్ధంగా ఎక్కడా నిల్వ ఉండదు. శత్రుకణం పొర మీదే, ఆ క్షణానికే దాని భాగాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఈ వ్యవస్థలో నన్ను అన్నింటికన్నా ఆశ్చర్యపరిచేది ఇదే.

కథకు కేంద్రం సీ3 అనే ప్రొటీన్. లీటరు ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, సుమారు ఒక గ్రాము ఉంటుంది. కాంప్లిమెంట్ ప్రొటీన్లలో ఇంత సమృద్ధిగా ఉండేది మరొకటి లేదు. క్రిమికి అంటుకున్న యాంటీబాడీలను సీ1 అనే మరో కాంప్లిమెంట్ ప్రొటీన్ గుర్తించవచ్చు, క్రిమి ఒంటి మీది చక్కెరలను మరో ప్రొటీన్ గుర్తించవచ్చు, లేదా సీ3 అణువులు కొన్ని వాటంతటవే మేల్కొనవచ్చు. దారులు మూడైనా చేరే చోటు ఒకటే. సీ3 రెండుగా తెగుతుంది. అందులో పెద్ద ముక్క సీ3బీ. తెగిన మరుక్షణం దానిలో దాగి ఉన్న ఒక రసాయన బంధం బయటపడుతుంది. ఆ బంధం దగ్గర్లో ఏ ఉపరితలం దొరికితే దానికి శాశ్వతంగా అతుక్కుంటుంది. దొరక్కపోతే చుట్టూ ఉన్న నీరే దాన్ని నిర్వీర్యం చేస్తుంది. ఇచ్చిన గడువు సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ. అందువల్లే సీ3బీ పుట్టిన చోటు నుంచి దూరం పోలేదు, పక్కనున్న మన కణాలకు పెద్దగా ముప్పు తేలేదు.

అతుక్కున్న సీ3బీ ఇతర ప్రొటీన్లతో జతకట్టి మరిన్ని సీ3లను కోసే ఎంజైముగా మారుతుంది. ఒకటి పలు అణువులను పుట్టిస్తుంది, అవి మరిన్నింటిని. నిమిషాల్లో క్రిమి ఒళ్లంతా సీ3బీ కప్పేస్తుంది. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు ఆ గుర్తును పట్టుకుని క్రిమిని మింగేస్తాయి.

ఉపరితలం మీద సీ3బీ దట్టంగా పేరుకున్నాక అదే ఎంజైము బృందంలోని సీ5 అనే ప్రొటీన్‌ను కోస్తుంది. ఇక్కడి నుంచి కోతలు ఆగిపోయి కట్టడం మొదలవుతుంది. తెగిన ముక్క సీ5బీని సీ6 అనే ప్రొటీన్ త్వరగా పట్టుకోవాలి, లేకపోతే అది పాడవుతుంది. ఆ జంటకు సీ7 కలవగానే నీటిలో తేలుతున్న గుంపుకు కొవ్వు పొర మీద మక్కువ పుడుతుంది; అది కణపొరకు అంటుకుంటుంది. సీ8 పొరలోకి చొచ్చుకుపోతుంది. తర్వాత సీ9 వంతు. మొదటి సీ9 చేరడానికి సమయం తీసుకుంటుంది. లండన్ శాస్త్రవేత్తలు అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్‌తో ఈ కట్టడాన్ని జరుగుతుండగానే చూసి, 2019లో ఆ వివరాలు ప్రచురించారు. మొదటిది కుదురుకున్నాక మిగతావి వేగంగా వచ్చి పక్కపక్కనే చేరతాయి. ఆ మొదటి ఆలస్యం కూడా ఉపయోగమే అని నాకనిపిస్తుంది: మన సొంత కణం పొరపాటున గురి అయితే, దాని రక్షకులు అడ్డుపడడానికి అదే అవకాశం.

పద్దెనిమిది సీ9లు చేరితే వలయం నిండుతుంది. ప్రతి సీ9 తనలో చుట్టుకుని ఉన్న భాగాలను విప్పి పొరలోకి చాస్తుంది. అవన్నీ కలిసి బావిలో దించిన వరలా లోపల బోలుగా నిలుస్తాయి. రంధ్రం వెడల్పు సుమారు 10 నానోమీటర్లు. నీరూ లవణాలూ లోపలికి తోసుకొస్తాయి, కణం ఉబ్బి పగిలిపోతుంది. ఇలాంటి రంధ్రాలను ఎర్ర రక్తకణాల పొరల మీద ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో 1964లోనే చూశారు. మన రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు ఇతర కణాలకు చిల్లు పెట్టడానికి వాడే పెర్ఫోరిన్ అనే ప్రొటీన్‌దీ దాదాపు ఇదే నిర్మాణం. కొన్ని బాక్టీరియాలు మన కణాలకు చిల్లు పెట్టడానికి వాడే విషపు ప్రొటీన్లకూ దీనికీ పోలిక ఉందని 2007లో బయటపడింది.

ఈ రంధ్రానికి అందరూ పెద్దపీట వేస్తారు. నా దృష్టిలో అసలు గొప్ప సీ3దే. న్యుమోకాకస్ వంటి గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాకు కణపొర పైన మందపాటి గోడ ఉంటుంది, రంధ్రం ఆ గోడను దాటలేదు. జపాన్‌లో సుమారు వెయ్యి మందిలో ఒకరికి సీ9 పూర్తిగా లోపిస్తుంది. వారిలో ఎక్కువమంది ఆరోగ్యంగానే బతుకుతారు. సీ3 లోపించినవారిని మాత్రం చిన్నతనం నుంచే తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వేధిస్తాయి. రంధ్రం తప్పనిసరిగా కావలసిన శత్రువు ఒకటుంది, అది మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) తెచ్చే మెనింగోకాకస్ అనే బాక్టీరియా. రంధ్రం కట్టే ప్రొటీన్లు లేనివారికి ఇది మళ్లీ మళ్లీ సోకుతుంది.

మన కణాలను కాపాడేది వాటి ఉపరితలం మీదున్న సీడీ59 అనే చిన్న ప్రొటీన్. సీ9లు వలయం కట్టకుండా అది అడ్డుకుంటుంది. దానికి తోడుగా సీడీ55 అంతకుముందు దశలోనే ఎంజైములను విడగొడుతుంది. ఈ రెండూ ఒకే రకమైన కొవ్వు లంగరుతో కణానికి వేలాడుతుంటాయి. ఎముక మజ్జలోని ఒక మూలకణంలో పిగ్-ఏ జన్యువు చెడితే ఆ లంగరు తయారు కాదు. ఆ మూలకణం నుంచి పుట్టిన ఎర్ర రక్తకణాలు రక్షణ లేకుండా రక్తంలోకి వస్తాయి, సొంత కాంప్లిమెంటే వాటిని పగలగొడుతుంది. రోగి తీవ్రమైన రక్తహీనతతో బాధపడతాడు. కొందరిలో ఉదయం మూత్రం ముదురు రంగులో వస్తుంది. రక్తనాళాల్లో గడ్డలు కట్టడం ఇందులోని పెద్ద ప్రమాదం.

2007లో ఈ జబ్బుకు ఎక్యులిజుమాబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి లభించింది. ఇది సీ5ను పట్టుకుని తెగనివ్వదు, రంధ్రం కట్టడం మొదలే కాదు. ఎర్ర రక్తకణాలు నిలుస్తాయి, రోగుల బతుకు మారిపోయింది. కానీ సీ5 ఆగిందంటే మెనింగోకాకస్‌కు తలుపు తెరిచినట్టే. అందుకే వీలైనంతవరకు మందు మొదలుపెట్టే ముందే టీకాలు వేస్తారు. టీకా ఉన్నా ముప్పు పూర్తిగా పోదు కాబట్టి, ఈ మందు వాడేవారు జ్వరం, తలనొప్పి, మెడ పట్టేయడం వంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, తాము ఏ మందు మీద ఉన్నారో వైద్యుడికి చెప్పాలి.