బోర్డు మీద లోగో: అపోహలు - వాస్తవాలు

సర్క్యూట్ బోర్డుల లేఅవుట్ (భాగాలు, రాగి దారులు ఎక్కడ ఉండాలో చూపే పటం) గీయడం నా వృత్తి. ట్రాకుల (రాగి దారుల) వెడల్పు గురించి, గ్రౌండ్ ప్లేన్ (గ్రౌండ్‌కు కలిపే విశాలమైన రాగి పరుపు) గురించి గంటల తరబడి చర్చించే ఇంజినీర్లు సైతం లోగో దగ్గరికి వచ్చేసరికి దాన్ని చివరి పది నిమిషాల్లో అతికించే బొమ్మగా భావించడం తరచుగా చూస్తుంటాను. నిజానికి బోర్డు మీద బొమ్మ అంటూ విడిగా ఏదీ ఉండదు. లోగో సిరాగానో, రాగిగానో, సోల్డర్ మాస్కులో (రాగిని కప్పే రక్షణ పూతలో) తెరిచిన కిటికీగానో తయారవుతుంది కాబట్టి ఆయా పొరలకు ఉన్న తయారీ పరిమితులన్నీ దానికీ వర్తిస్తాయి.

అపోహ: పీఎన్‌జీ బొమ్మను లేఅవుట్‌లో పెడితే అదే బోర్డు మీద అచ్చవుతుంది.

వాస్తవం: తయారీదారుకు మనం పంపే గెర్బర్ ఫైళ్లలో ఫొటోకు చోటు లేదు. గీతలు, ప్యాడ్ల (భాగాలను టంకంతో అతికే రాగి చోట్ల) వంటి ముద్రలు, హద్దు గీసి నింపిన ప్రాంతాలు మాత్రమే వాటిలో ఉంటాయి. అందువల్ల బొమ్మలోని ప్రతి భాగం ముందుగా నలుపో తెలుపో తేలి, ఆపై బహుభుజిగా మారాలి. లేఅవుట్ గీసే సాఫ్ట్‌వేర్ కీక్యాడ్‌లోని ఇమేజ్ కన్వర్టర్ చేసే పని ఇదే: మనం నిర్ణయించిన హద్దు ప్రకారం బొమ్మను రెండు రంగులుగా విడదీసి, ఫుట్‌ప్రింట్‌గా (బోర్డు మీద ఒక భాగంలా పెట్టగల ఆకృతిగా) అందిస్తుంది. 2023లో వచ్చిన కీక్యాడ్ 7 నుంచి బొమ్మను నేరుగా లేఅవుట్‌లోకి తెచ్చుకునే సౌకర్యం కూడా ఉంది గాని, అది చూసి గీసుకోవడానికి ఉద్దేశించినది, గెర్బర్‌లోకి వెళ్లదు. ఈ తేడా గమనించకపోతే తెర మీద చక్కగా కనిపించిన లోగో చేతికొచ్చిన బోర్డు మీద కనిపించదు.

అపోహ: బొమ్మలో పిక్సెళ్లు ఎంత ఎక్కువ ఉంటే లోగో అంత స్పష్టంగా వస్తుంది.

వాస్తవం: 600 డీపీఐ (అంగుళానికి 600 పిక్సెళ్లు) బొమ్మలో ఒక్కో పిక్సెల్ సుమారు 0.042 మి.మీ. ఉంటుంది. సిల్క్‌స్క్రీన్‌కు (బోర్డు మీద అక్షరాలు, గుర్తులు అచ్చువేసే సిరా పొరకు) చాలామంది తయారీదారులు అడిగే కనీస గీత వెడల్పు 0.15 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. అంటే మూడు నాలుగు పిక్సెళ్ల కంటే సన్నని వివరం ఏదైనా సిరాలో నిలవడం కష్టం. ఈ లెక్క వేయకుండా నేనొకసారి 40 మి.మీ. వెడల్పున్న లోగోను 12 మి.మీ.కి కుదించాను. అసలు లోగోలో 0.3 మి.మీ. ఉన్న గీతలు 0.09 మి.మీ.కి తగ్గాయని అప్పుడు గమనించలేదు. వచ్చిన బోర్డుల మీద అవి కొన్నిచోట్ల తెగిపోయి, కొన్నిచోట్ల పూర్తిగా మాయమై ఉన్నాయి. తయారీదారు తప్పు ఇందులో ఏమీ లేదు. గీతలకే కాదు, గీతల మధ్య ఖాళీలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. అక్షరాల లోపలి సున్నాలు సిరాతో పూడిపోవడం అందుకే. చిన్న పరిమాణం కోసం లోగోను యాంత్రికంగా కుదించకుండా, సన్నని వివరాలు తీసివేసి విడిగా గీయించుకోవాలని నా గట్టి అభిప్రాయం. మూలం ఎస్‌వీజీ రూపంలో (పిక్సెళ్లుగా కాక గీతలుగా) ఉంటే ఇంకా మేలు. పెద్ద పిక్సెల్ బొమ్మను మారిస్తే అంచుల్లో వేలకొద్దీ బిందువులు చేరి ఫైలు బరువెక్కుతుందే తప్ప స్పష్టత పెరగదు.

అపోహ: లోగోకు సిల్క్‌స్క్రీన్ ఒక్కటే చోటు, కాబట్టి ఒక్కటే రంగు.

వాస్తవం: మామూలు రెండు పొరల బోర్డు మీదే, అదనపు ప్రక్రియ ఏదీ లేకుండా, ఐదు ఛాయలు దొరుకుతాయి. సిల్క్‌స్క్రీన్ తెలుపు మొదటిది. రాగి మీద పరచుకున్న మాస్క్ లేత ఛాయ రెండోది, రాగి లేనిచోట అదే మాస్క్ చూపే ముదురు ఛాయ మూడోది. మాస్క్ తొలగించిన చోట రాగి ఉంటే దాని మీది పూత మెరుపు, రాగి కూడా లేకపోతే ఎఫ్ఆర్-4 (బోర్డుకు ఆధారమైన గాజునార, రెసిన్ పదార్థం) పలక సహజమైన పసుపు ఛాయ కనిపిస్తాయి. పూత ఎనిగ్ (నికెల్ మీద పలుచని బంగారం) అయితే ఆ మెరుపు బంగారు రంగులో ఉంటుంది, హాజిల్ (వేడిగాలితో చదును చేసిన టంకం) అయితే వెండిలా ఉంటుంది. అయితే హాజిల్‌లో పెద్ద ప్రాంతాల మీద టంకం ఎత్తుపల్లాలుగా పేరుకోవచ్చు కనుక లోగోకు ఎనిగ్‌నే నేను ఎంచుకుంటాను. రెండు వైపులా, లోపలి పొరల్లో సైతం రాగి లేకుండా చూసుకుంటే ఎఫ్ఆర్-4 కొంత కాంతిని తన గుండా పోనిస్తుంది. వెనుక ఎల్ఈడీ అమర్చి లోగోను వెలిగించవచ్చు. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

ఇక్కడ తడబడేది మాస్క్ పొర దగ్గర. అది తలకిందుల పొర: అందులో మనం గీసినచోట మాస్క్ ఉండదు, గీయనిచోట ఉంటుంది. మరీ సన్నని మాస్క్ పట్టీలు నిలవవు, సుమారు 0.1 మి.మీ. కంటే సన్నగా ఉంటే ఊడిపోయే ప్రమాదం ఉంది. మాస్క్ లేనిచోట వేసిన సిల్క్‌స్క్రీన్‌ను చాలామంది తయారీదారులు తామే కత్తిరించివేస్తారు కనుక లోగో ప్యాడ్ల మీదికి జరగకూడదు.

అపోహ: రాగిలో గీసిన లోగో అలంకారమే, సర్క్యూట్‌తో దానికి పనిలేదు.

వాస్తవం: రాగి ఎక్కడున్నా రాగే. లోగో ఏ నెట్‌కూ (సర్క్యూట్‌లోని ఏ విద్యుత్ కలయికకూ) చెందకపోయినా రెండు వేర్వేరు నెట్ల ట్రాకులను తాకితే వాటిని షార్ట్ చేస్తుంది, యాంటెన్నా దగ్గర ఉంటే దాని ట్యూనింగ్‌ను మారుస్తుంది. డీఆర్‌సీ (సాఫ్ట్‌వేర్ చేసే డిజైన్ నియమాల తనిఖీ) చూపిన తప్పులను లోగోవే కదా అని కొట్టిపారేస్తే, అసలైన తప్పు కూడా వాటి మధ్య దాగిపోతుంది. మాస్క్ లేని రాగి లోగో వేవ్ సోల్డరింగ్ (కరిగిన టంకం అల మీదుగా బోర్డును నడిపే పద్ధతి) జరిగే వైపు ఉంటే టంకం దానికీ అంటుకుంటుంది. గుండ్రని మెరుపు చుక్కలున్న లోగో ఫిడ్యూషియల్ (యంత్రం బోర్డు స్థానాన్ని పోల్చుకునే గుర్తు) పక్కన ఉంటే అసెంబ్లీ యంత్రం కెమెరా పొరపడవచ్చు.

అపోహ: వెనుక వైపు వేసే లోగోను ముందే అద్దంలోలా తిప్పి ఇవ్వాలి.

వాస్తవం: ఫుట్‌ప్రింట్‌ను వెనుక వైపుకు మార్చినప్పుడు సాఫ్ట్‌వేరే తిప్పుతుంది. మనం కూడా తిప్పితే బోర్డు మీద అక్షరాలు తిరగబడి వస్తాయి. పై నుంచి చూసే తెర మీద వెనుక లోగో తిరగబడి కనిపిస్తేనే సరైనది.

అపోహ: లోగో ఫుట్‌ప్రింట్‌ను ఒకసారి పెడితే ఇక పని ఉండదు.

వాస్తవం: స్కీమాటిక్‌లో (సర్క్యూట్ చిత్రంలో) దానికి సింబల్ (భాగాన్ని సూచించే గుర్తు) లేదు కనుక, సింబల్ లేని ఫుట్‌ప్రింట్లను తొలగించే ఎంపికతో బోర్డును అప్‌డేట్ చేస్తే లోగో కూడా పోవచ్చు. స్కీమాటిక్‌లో లేనిదని ముందే గుర్తు పెట్టాలి. బీఓఎం (భాగాల జాబితా) నుంచి, పిక్ అండ్ ప్లేస్ ఫైలు (ఏ భాగం ఎక్కడ అమర్చాలో యంత్రానికి చెప్పేది) నుంచి మినహాయించకపోతే, అసెంబ్లీ చేసేవారు అమర్చాల్సిన భాగాల్లో లోగో కూడా ఒకటిగా చేరుతుంది.

అపోహ: సీఈ గుర్తు, ఓపెన్ హార్డ్‌వేర్ గేర్ గుర్తు కూడా లోగోల్లాంటివే, ఎవరైనా ఎంత చిన్నగానైనా వేసుకోవచ్చు.

వాస్తవం: 2011లో ఎంపికైన గేర్ గుర్తును ఎవరైనా వాడవచ్చు గాని, డిజైన్ ఫైళ్లు బహిరంగంగా లేని బోర్డు మీద అది అబద్ధమవుతుంది. సీఈ గుర్తు, ఉత్పత్తి యూరోపియన్ యూనియన్ నిబంధనలకు లోబడి ఉందని తయారీదారు చట్టపరంగా చేసే ప్రకటన. సాధారణ నియమం ప్రకారం దాని ఎత్తు 5 మి.మీ.కు తగ్గకూడదు, స్పష్టంగా కనిపించి, చదవగలిగేలా ఉంటే రేడియో పరికరాలకు ఈ కొలతలో సడలింపు ఉంది. ఉత్పత్తి మీద వేయడం సాధ్యం కానప్పుడు ప్యాకింగ్ మీద, వెంట ఇచ్చే పత్రాల మీద వేయాలి. అక్షరాల మధ్య నిష్పత్తిని మార్చే స్వేచ్ఛ మాత్రం ఎక్కడా లేదు.