బొమ్మ నాది, బాధ ఎవరిది?

తల పెద్దది, ఒళ్లు చీపురుపుల్ల. తల వెనక వేలాడే దారం లాగితే కళ్లు మూసి తెరిచి రంగు మార్చుకుంటాయి. అమెరికాలో కెనర్ అనే కంపెనీ 1972లో ఈ బ్లైత్ బొమ్మను అమ్మకానికి పెడితే పిల్లలు జడుసుకున్నారు. ఏడాదికే తయారీ ఆపేశారు. 2000లో న్యూయార్క్ ఫొటోగ్రాఫర్ జీనా గారన్ తన దగ్గరున్న పాత బ్లైత్‌తో తీసిన ఫొటోలను పుస్తకంగా వేశాక దాని దశ తిరిగింది. మరుసటి ఏడాదే జపాన్‌లో టకారా కంపెనీ కొత్త బ్లైత్‌లు చేయడం మొదలుపెట్టింది. అప్పట్లో ఎవరికీ పట్టని 1972 నాటి బొమ్మకు ఇప్పుడు మంచి ధర పలుకుతోంది.

గొడవ మొదలయ్యేది ఇక్కడే. బ్లైత్‌ను తమకు నచ్చినట్టు మార్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. తల వెనక స్క్రూలు విప్పుతారు. జుట్టుతో ఉన్న పైతొడుగును పీకేస్తారు. సన్నటి బ్లేడుతో పెదాలు చెక్కి, ముక్కుకు మొన తెచ్చి, మెరుపు పోయేదాకా ముఖమంతా గరుకు కాగితంతో రుద్దుతారు. ఆ మీదట కొత్త రంగు, కొత్త కళ్లు, కొత్త జుట్టు. టకారా బొమ్మకు ఈ పని చేస్తే చప్పట్లు కొడతారు. అదే బ్లేడు 1972 బొమ్మ ముఖం మీద పడిందని తెలిస్తే మాత్రం సేకరించేవాళ్లు రెండు జట్లవుతారు. "డబ్బు పెట్టి కొన్నాను, నా ఇష్టం" అని ఒక జట్టు. "నువ్వు దాన్ని చూసుకోవడానికి ఉన్నావు, పాడు చేయడానికి కాదు" అని ఇంకో జట్టు.

ప్లాస్టిక్‌కు నొప్పి తెలియదని ఇద్దరికీ తెలుసు. మరి ఎందుకింత ఉడుకు? ఇలాంటి తగువులు వెనక్కి తవ్వి చూస్తే ప్రతిసారీ బొమ్మ వెనక ఒక మనిషి కనిపిస్తాడు. ఒకచోట దాన్ని చేసినవాడు, ఒకచోట కానుకగా ఇచ్చినవాడు, మరోచోట ఆ బొమ్మకు ఎవరి రూపం ఉందో వాళ్లు. దెబ్బ బొమ్మకు పడుతుంది, లెక్క మనిషి ఖాతాలో రాసుకుంటారు.

చట్టం మాట ముందు చూద్దాం. సొంతదారు తన వస్తువును వాడుకోవచ్చు, దాని ఫలం అనుభవించవచ్చు, కావాలంటే నాశనమూ చేసుకోవచ్చు అన్నది రోమన్ న్యాయశాస్త్రం పేరుమీద చెప్పుకుంటూ వస్తున్న సూత్రం. 1804 నాటి ఫ్రెంచి పౌరస్మృతి 544వ అధికరణం సొంతదారుకు "అత్యంత సంపూర్ణమైన" హక్కు ఉందని రాసుకుంది, చట్టం కాదన్న వాడకం మాత్రం కూడదని ఒక మెలిక పెట్టింది. ఆ లెక్కన షాపులో కొన్న బొమ్మ తల తిప్పేస్తే అడిగే నాథుడు లేడు.

కానీ కళాకారుడి విషయంలో చట్టం కాస్త తడబడింది. 1928లో రోమ్‌లో జరిగిన సమావేశంలో కాపీరైట్ మీద దేశాలు కుదుర్చుకున్న బెర్న్ ఒప్పందానికి కొత్త అధికరణం ఒకటి చేర్చారు. దాని ప్రకారం రచనను అమ్మేసుకున్నా సరే, తన గౌరవానికి భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు కర్తకు ఉంటుంది. మన కాపీరైట్ చట్టంలో అది 57వ సెక్షన్. దీని పదును తెలిసింది శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కేసులో. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీద ఆయన చేసిన భారీ కంచు శిల్పాన్ని 1979లో సర్కారు వాళ్లు మరమ్మతుల పేరుతో పీకి గోడౌన్‌లో పడేశారు. సొమ్ము సర్కారుదే, గోడా సర్కారుదే. అయినా 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పం ముక్కలను ఆయనకు తిరిగి ఇవ్వమంది, 5 లక్షల రూపాయల పరిహారమూ కట్టమంది. అమెరికా 1990లో ఇలాంటి చట్టమే తెచ్చుకుంది కానీ చాలా పిసినారిగా. ఒక్కటే చేసిన శిల్పం గానీ, సంతకం, వరుస నంబరు ఉండి 200కు మించకుండా చేసినవి గానీ అయితేనే రక్షణ. కాబట్టి ఒక కళాకారిణి స్వయంగా మలిచిన ఏకైక బొమ్మ గురించి కోర్టులో వాదన నడవచ్చు. ఫ్యాక్టరీ నుంచి పెట్టెలకొద్దీ దిగిన బొమ్మకు ఆ అదృష్టం లేదు.

అలాగని ఫ్యాక్టరీలు ఊరుకున్నాయా అంటే, లేదు. 1997లో అమెరికా ఫొటోగ్రాఫర్ టామ్ ఫోర్సిత్ బార్బీ బొమ్మలు కొని, బట్టలు విప్పి, వంటింటి సామానులో పెట్టి 78 ఫొటోలు తీశాడు. ఒకదాంట్లో బార్బీలను రొట్టెల్లో చుట్టి, పైన మసాలా పులుసు పోసి, వెలుగుతున్న ఓవెన్‌లో పెట్టాడు. ఇంకోదాంట్లో కరిగిన చీజు గిన్నెలో బార్బీ తలకాయలు తేలుతుంటాయి. ఆడవాళ్లను సరుకుగా చూపించే పద్ధతిని ఎగతాళి చేస్తున్నాను అన్నాడు. 1999లో బార్బీని తయారుచేసే మాటెల్ కంపెనీ కేసు వేసింది. ఆ కేసులో బొమ్మ బాధ ప్రసక్తి ఎక్కడా లేదు. గోలంతా కాపీరైట్, ట్రేడ్‌మార్క్ గురించి. ఇంకోలా చెప్పాలంటే బార్బీ పరువు గురించి. 2003 చివర్లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఇది అనుమతి లేకున్నా కాపీరైట్ చట్టం ఒప్పుకునే న్యాయమైన వాడకమే అని తేల్చింది. మరుసటి ఏడాది, ఫోర్సిత్ లాయర్ల ఖర్చు కింద 18 లక్షల డాలర్లకు పైగా మాటెల్ కట్టాలని కింది కోర్టు ఆదేశించింది. ఆ ఫొటోల మీద ఆయన మొత్తంగా సంపాదించింది నాలుగు వేల డాలర్లు కూడా లేదు!

అమెరికా కోర్టుల వరకు బొమ్మను హింసించే హక్కు ఉందని గట్టిగా చెప్పిన తీర్పుగా దీన్ని తీసుకోవచ్చు. అయితే అక్కడ గెలిచింది సొంతదారు కంటే వ్యాఖ్యాత. ఫొటో తీయకుండా ఊరికే బార్బీని ఓవెన్‌లో పెట్టి ఉంటే ఎవరూ అడిగేవారే కాదు. పిల్లలు ఆ పని రోజూ చేస్తూనే ఉన్నారు. 2005లో బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 7 నుంచి 11 ఏళ్ల పిల్లలతో వాళ్లకు తెలిసిన బ్రాండ్ల గురించి మాట్లాడుతుంటే బార్బీ దగ్గర కథ అడ్డం తిరిగింది. జుట్టు కత్తిరించామని, తల పీకామని, మైక్రోవేవ్‌లో పెట్టామని చెప్పుకొచ్చారు. ఎదుగుతున్న పిల్లలు తమ చిన్నతనాన్ని వదిలించుకునే తీరుగా పరిశోధకులు దాన్ని చూశారు. ఇంట్లో బార్బీలు ఒకటి కాదు, డబ్బా నిండా ఉంటాయి, అందుకే ఏ ఒక్కదానికీ విలువ లేదు అని కూడా అన్నారు. ఈ రెండో మాటే నాకు ఎక్కువ నిజమనిపిస్తుంది.

అన్ని దెబ్బలూ ఇంత అమాయకం కావు. పిల్లల కథలతో పేరు తెచ్చుకున్న ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ 1893లో తన బాల్యం గురించి రాస్తూ మాంచెస్టర్‌లోని ఇంట్లో జరిగిన ఒక ఘట్టం చెప్పింది. అమెరికా బానిసత్వం మీద వచ్చిన అంకుల్ టామ్స్ క్యాబిన్ నవల చదివిన ఊపులో ఆమె నల్లటి బొమ్మ ఒకదాన్ని దీపపు స్తంభానికి కట్టేసింది. రబ్బరులాంటి గట్టాపెర్చాతో చేసిన బొమ్మ. బొమ్మ బానిస టామ్, తను క్రూరుడైన యజమాని లెగ్రీ. తమ్ముడో అన్నో ఆడుకునే కొరడా తీసుకుని, పళ్లు కొరుకుతూ, గొణుగుతూ బాదింది. ఆ బొమ్మేమో నవ్వుముఖంతో అలాగే ఉంది. తల్లి చూసి బెదిరిపోయింది. ఆ పిల్ల మామూలుగా నెమ్మదస్తురాలే.

ఆ రోజుల్లో అమెరికాలో తెల్లపిల్లలు నల్లబొమ్మలను కొట్టడం, ఉరితీయడం ఆటగా సాగిందని చరిత్రకారులు రాశారు. బయట నిజంగా మనుషులను చెట్లకు వేలాడదీస్తున్న కాలంలో అది వట్టి ఆటేనా? 1940ల్లో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు రంగు తప్ప అన్నీ ఒకేలా ఉన్న బొమ్మలను నల్లజాతి పిల్లల ముందు పెట్టి, ఏది మంచిది, ఏది చెడ్డది అని అడిగారు. ఎక్కువమంది తెల్లదాన్ని మంచిదన్నారు. నల్లపిల్లలకు, తెల్లపిల్లలకు వేరు బడులు పెట్టే పద్ధతిని కొట్టేసిన 1954 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఆ పరిశోధనను పేర్కొంది. బొమ్మ మీద పడే చూపు మనిషి మీదికి ఎలా మళ్లుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం దొరకదు.

ఇక జపాన్ కథ. 1924లో అమెరికా తెచ్చిన వలస చట్టం జపనీయులకు తలుపు మూసేసింది. జపాన్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన మిషనరీ సిడ్నీ గులిక్‌కు అది మింగుడుపడలేదు. పెద్దవాళ్లతో కాని పని పిల్లలతో అవుతుందేమోనని బొమ్మలు సేకరించి పంపే ఉద్యమం నడిపాడు. 12,739 నీలికళ్ల బొమ్మలు ఓడలెక్కాయి. ఒక్కోదానికి ఒక పేరు, ఒక ఉత్తరం, చివరికి పాస్‌పోర్టు కూడా. 1927 మార్చి 3న వచ్చే హినమత్సురి, అంటే జపాన్ ఆడపిల్లల బొమ్మల పండుగ, దానికి అందేలా పంపారు. అక్కడ పారిశ్రామికవేత్త షిబుసావా ఎయిచీ బాధ్యత తీసుకుని వాటిని బడులకు పంచిపెట్టాడు. బదులుగా జపాన్ పిల్లలు పైసా పైసా పోగేసి 58 పెద్ద బొమ్మలు చేయించి అమెరికాకు పంపారు.

యుద్ధం వచ్చింది. నీలికళ్లు శత్రువు కళ్లయిపోయాయి. 1943 నాటికి వాటిని నాశనం చేయాలని పత్రికలు కూడా రెచ్చగొట్టాయి. బడి ఆవరణల్లో తగలబెట్టారు. పిల్లల చేత వెదురు బల్లేలతో పొడిపించారు. కొందరు టీచర్లు మాత్రం మాట వినకుండా సామాన్ల గదుల్లో, అటకల మీద దాచేశారు. పన్నెండు వేల పైచిలుకు బొమ్మల్లో నేటికి దొరికినవి మూడు వందల పైచిలుకు. చట్టప్రకారం అవి ఆ బడుల సొత్తే. కాల్చే హక్కు బడికి ఉంది. కానీ ఎక్కడో ఓహాయోలోనో మేరీల్యాండ్‌లోనో ఆ గౌను కుట్టిన పిల్లకు ఆ హక్కు గురించి చెప్పి చూడండి.

విచిత్రమేమంటే బొమ్మలను తగలబెట్టడం అదే జపాన్‌లో భక్తి కూడా. నింగ్యో కుయో అని, పాత బొమ్మలకు చేసే వీడ్కోలు పూజ అది. టోక్యోలోని ఉయెనోలో కియోమిజు కన్నోన్ గుడిలో ఏటా సెప్టెంబర్ 25న జరుగుతుంది. జనం తమ బొమ్మలు తెచ్చి అప్పజెబుతారు, మంత్రాలు చదువుతారు, ఆపైన నిప్పు. వాకయామాలోని అవాషిమా మందిరంలో మార్చి 3న బొమ్మలను పడవలో పెట్టి సముద్రంలోకి వదులుతారు. మంట ఒకటే. 1943లో అది అవమానం, గుడిలో అది మర్యాద. వస్తువుకు ఏం జరిగిందన్న దానితో ఈ రెంటినీ వేరు చేయలేం. చేసేవాళ్లు ఎవరికి ఏం చెప్పదలిచారో చూడాలి.

మన సంక్రాంతి బొమ్మల కొలువులోనూ ఈ మర్యాద ఛాయ ఉంది. చివరి రోజు సాయంత్రం ఒక బొమ్మను పడుకోబెట్టి, హారతి ఇచ్చి, ఆ తర్వాతే ట్రంకుపెట్టెలోకి సర్దుతారు. అమ్మమ్మ ఇచ్చిన కొండపల్లి బొమ్మను తడిగుడ్డతో తుడిచే కొత్త కోడలికి ఇంట్లో పడే అక్షింతలు వేరే. తెల్లపొణికి చెక్క మీది పాత రంగు ఆ గుడ్డకే వచ్చేస్తుంది మరి.

ఇది ఇంకో చిక్కుకు దారితీస్తుంది. మంచి ఉద్దేశంతో చేసేది కూడా హింసే కావచ్చు. 1960ల మొదట్లోని బార్బీలకు లోహపు చెవిపోగులు గుచ్చేవారు. ఏళ్లు గడిచేసరికి ఆ లోహం చిలుం పట్టి చెవి చుట్టూ ఆకుపచ్చ మరక పాకింది. దాన్ని పోగొట్టడానికి చాలామంది మొటిమలకు రాసే క్రీము పూసి ఎండలో పెడతారు. మరక వెలిసిపోతుంది, కొన్నిసార్లు ఆ చోట బుగ్గ కూడా తెల్లగా పాలిపోతుంది. పోనీ పెట్టె తెరవకుండా ఉంచితే మంచిదా అంటే, లోపల రబ్బరు బ్యాండ్లు కరిగి కాళ్లకు అంటుకుంటాయి, పిన్నులు తుప్పు పడతాయి, మెత్తని ప్లాస్టిక్‌లోంచి జిగురు ఊరుతుంది. ముట్టుకోకుండా భద్రపరిచాననుకునే మనిషి కూడా చెడగొడుతూనే ఉండవచ్చు, నెమ్మదిగా.

మరోవైపు, మార్చడానికే పుట్టిన బొమ్మలున్నాయి. గరాజ్ కిట్లు, అంటే ఇంట్లో కూర్చుని అతికించి రంగులేసుకునే నమూనాలు అమ్మిన జపాన్ కంపెనీ వోల్క్స్ 1999లో సూపర్ డాల్ఫీ తెచ్చింది. రెజిన్‌తో పోసిన ముక్కలు, లోపల సాగే తాడు, కీళ్లకు బంతులు. విగ్గు, కళ్లు, ముఖం రంగు కొన్నవాళ్ల ఇష్టం. అచ్చు అతుకుల గీతలు అరగదీసేటప్పుడు ఆ పొడి పీల్చకూడదని మాస్కు పెట్టుకుంటారు. ఈ లోకంలో ముఖం తుడిచి కొత్తగా గీయడం తప్పెవరికీ అనిపించదు. వాళ్లు తప్పుపట్టేది దొంగ అచ్చులను, ఒక శిల్పి మలిచిన తలను అడగకుండా కాపీ పోసి అమ్మడాన్ని. అక్కడా గాయపడేది బొమ్మ కాదు, దాన్ని మలిచిన మనిషి కూలి.

ఇన్ని తగువులు చూశాక 1972 బ్లైత్ దగ్గరికి వస్తే నా ఓటు పాడు చేయొద్దనే రెండో జట్టుకే, కానీ సగం మాత్రమే. కొన్నవాళ్ల హక్కు పోదు. అయితే ఆ బొమ్మ మళ్లీ తయారు కాదు, రేపు దాన్ని చేతిలోకి తీసుకునేవాళ్లు ఇంకా రాలేదు, వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు లేరు. అందుకే చెక్కక తప్పదనుకునేవాళ్లలో కొందరు ముందే తల పగిలి, జుట్టు రాలి, ఎవరూ దాచుకోని బొమ్మను వెతికి కొంటారు. తీసేసిన పాత కంటి ముక్కలు, జుట్టు తొడుగు పారేయకుండా చిన్న కవర్లో వేసి, ఏం మార్చారో కాగితం మీద రాసి, అమ్మేటప్పుడు బొమ్మతోపాటే ఇస్తారు. ముఖం చెక్కినట్టు చెప్పకుండా అమ్మితే మాత్రం రెండు జట్లూ ఒక్కటై విరుచుకుపడతాయి.